పనిగంటలు తగ్గినా అలుపెందుకు తగ్గట్లేదు? బర్నౌట్ గురించి, మన సచివాలయాల గురించి

ఈరోజు టాపిక్ ఆఫీసు. ఆఫీసంటే బెంగళూరు, హైదరాబాద్‌లో గాజు బిల్డింగులే కాదండీ. కడప జిల్లాలోనో కర్నూలు జిల్లాలోనో ఊరి మధ్యలో ఉండే సచివాలయం కూడా ఆఫీసే, అంగన్‌వాడీ కేంద్రం కూడా ఆఫీసే. అక్కడివాళ్లు కూడా బర్నౌట్ అవుతారు. కాకపోతే ఆ మాట వాడరు. "ఏందోప్పా, పనికి పోవాలంటే మనసే రాదు" అంటారు. ఇంగ్లీషు మాట కంటే ఇదే కరెక్ట్‌గా చెప్తుందని నాకనిపిస్తుంది.

ఈ విషయం మాట్లాడితే చాలు, చర్చ గంటల దగ్గరికి పోతుంది. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది. మీమ్స్ మీద మీమ్స్. అదే ఏడాది జూన్‌లో మన రాష్ట్ర క్యాబినెట్ ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. గంటలు ముఖ్యమే, అందులో డౌట్ లేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పిన లెక్క ఉంది. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు దాటినవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. చిన్న సంగతి కాదిది.

కానీ గంటలతో లెక్క మొత్తం తేలదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒకే కంపెనీలో రెండు ప్రాజెక్టులు చేశాను. మొదటిదాంట్లో మూడు నెలలు రోజుకు పదకొండు గంటలు. పాత సిస్టం నుంచి కొత్తదానికి డేటా మొత్తం మార్చాలి. నిద్ర తక్కువ, తిండికి టైం లేదు, అయినా పొద్దున లేస్తే పోవాలనిపించేది. రెండోది సపోర్ట్ ప్రాజెక్టు. సరిగ్గా ఎనిమిది గంటలే. టికెట్ వస్తుంది, స్క్రిప్టులో రాసున్న జవాబు పెట్టాలి, పంపేముందు పైన ఇద్దరు అప్రూవ్ చేయాలి. తప్పు ఎక్కడుందో కళ్లముందు కనిపిస్తున్నా ముట్టుకునే పర్మిషన్ లేదు. నాలుగు నెలలకే ఆదివారం సాయంత్రం అయితే కడుపులో తిప్పడం మొదలైంది. జీతం అదే, కంపెనీ అదే, కుర్చీ కూడా అదే. మరి మారిందేంటి?

ముందు బర్నౌట్ అంటే ఏంటో చూద్దాం, ఎందుకంటే ఈ మాటని మనం దేనికి పడితే దానికి వాడేస్తున్నాం. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు దీని గురించి రాశాడు. న్యూయార్క్‌లో పేదలకు ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో ఆయన పనిచేసేవాడు. అక్కడి వాలంటీర్లు కొన్నాళ్లకు ఆరిపోయిన పొయ్యిలా అయిపోవడం చూశాడు, తన మీద కూడా చూసుకున్నాడు. ఆయన గమనించిన విషయం ఒకటుంది: కాలిపోయేది బద్ధకస్తుడు కాదు, మనసు పెట్టి పనిచేసేవాడే ముందు కాలిపోతాడు. తర్వాత క్రిస్టినా మాస్లాక్ 1981లో దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేసింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో బర్నౌట్‌ని వివరించింది. జబ్బుగా మాత్రం కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా. గుర్తులు మూడు. ఒంట్లో, మనసులో శక్తి మొత్తం అయిపోవడం. పని మీద విరక్తి, వెటకారం, దూరం. "నేను చేసేదానివల్ల ఏం ఒరగట్లేదు" అనిపించడం.

ఈ మూడింట్లో రెండోదాన్ని జాగ్రత్తగా చూడమంటాను. అలుపు అందరికీ తెలుస్తుంది. వెటకారం మాత్రం తెలివితేటల్లాగా కనిపిస్తుంది. కౌంటర్ ముందు నిలబడిన అవ్వ "పింఛన్ పేరు పోయిందమ్మా" అంటే ఒకప్పుడు పరిగెత్తి చూసిన మనిషే, ఇప్పుడు తల ఎత్తకుండా "రేపు రాపో" అంటుంది. ఆమెకు పొగరొచ్చిందని ఊరంతా అనుకుంటుంది.

సరే, ఇది ఎందుకొస్తుంది? 2001లో ఎవంజెలియా డెమెరూటి, ఆర్నాల్డ్ బ్యాకర్, మరో ఇద్దరు పరిశోధకులు జర్మనీలో సేవారంగం, పరిశ్రమలు, రవాణా రంగాల్లో పనిచేసే 374 మందిని పరిశీలించి ఒక మోడల్ ఇచ్చారు. ఏ ఉద్యోగంలోనైనా రెండు వైపులుంటాయి. ఒకటి, పని మననుంచి గుంజుకునేది: టార్గెట్లు, డెడ్‌లైన్లు, ఎండలో తిరగడం, తిట్లు పడటం. రెండు, పని మనకిచ్చేది: నేర్పించే సీనియర్, పనిచేసే పరికరం, మన మాటకు విలువ, బాగా చేశావన్న మాట, ముందుకు పోయే దారి. గుంజుకునేది ఎక్కువైతే అలుపు వస్తుంది. ఇచ్చేది లేకపోతే మనసు పని నుంచి తెగిపోతుంది. రెండూ కలిస్తే బర్నౌట్.

మన సీమలో దీనికి బోరు కంటే మంచి ఉదాహరణ లేదు. మోటారు రోజుకు ఎన్ని గంటలు ఆడింది అనేది ఒక లెక్క. చెరువులో నీళ్లుండాయా, భూమిలోకి ఊట దిగుతోందా అనేది ఇంకో లెక్క. చెరువు నిండిన ఏడాది అదే మోటారు అంతే సేపు ఆడినా బోరు నిలబడుతుంది. చెరువెండితే అరగంటకే గాలి పోస్తుంది. అప్పుడు మోటారుని తిట్టి లాభం లేదు.

ఇప్పుడు సచివాలయాల సంగతి. రాజకీయం పక్కన పెట్టి వినండి, ఏ పార్టీ తప్పొప్పులూ నేను మాట్లాడట్లేదు. 2019 అక్టోబర్ 2న ఈ వ్యవస్థ మొదలైంది. దానికి ముందు సెప్టెంబర్‌లో పరీక్షలు పెడితే లక్షా పాతిక వేలకు పైగా పోస్టులకు 20 లక్షల మందికి పైగా అప్లై చేశారు. 15,004 గ్రామ, వార్డు సచివాలయాలు. నాతో బీటెక్ చదివినవాళ్లలో కొంతమంది ఇప్పటికీ అందులోనే ఉన్నారు. మా దగ్గర అప్పటిదాకా బీటెక్ అయితే రెండే దారులు: బెంగళూరు బస్సెక్కడం, లేదా ఇంట్లో కూర్చుని గ్రూప్స్‌కి చదవడం. సొంత జిల్లాలోనే గవర్నమెంట్ ఉద్యోగం అంటే ఆ ఏడాది ఎన్ని ఇళ్లల్లో పండగైందో మాటల్లో చెప్పలేను.

ఇక పని గుంజుకునే వైపు చూడండి. డిజిటల్ అసిస్టెంట్ కౌంటర్ ముందు లైన్ ఉంటుంది, సర్వర్ డౌన్ ఉంటుంది. సర్వర్ ఆమె చేతిలో లేదు, తిట్లు మాత్రం ఆమెకే. వ్యవసాయ అసిస్టెంట్ జమ్మలమడుగు, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో పప్పుశనగ చేలెంట తిరిగి ఈ-క్రాప్ కోసం ఫోటోలు తీయాలి. సిగ్నల్ రాకపోతే ఇంకోసారి. ఇంజనీరింగ్ అసిస్టెంట్‌కు పైన సొంత డిపార్ట్‌మెంట్ వాళ్లుంటారు, పక్కనుంచి ఎంపీడీఓ గారుంటారు. ఇద్దరూ ఒకే రోజు రెండు పనులు చెప్తే ఎవరి మాట వినాలి? మహిళా సంరక్షణ కార్యదర్శిగా చేరినవాళ్లను 2021లో మహిళా పోలీస్ అన్నారు. రాసిన పరీక్ష ఒకదానికి, వేసుకోమన్న యూనిఫాం ఇంకోదానికి. సైకాలజీ పుస్తకాల్లో దీన్ని 'రోల్ కాన్‌ఫ్లిక్ట్' లాంటి పేర్లతో పెడతారు. ఊర్లో సింపుల్‌గా "నువ్వు యాడి దానివి ఇంతకీ?" అని అడుగుతారు.

సర్వేలు వేరే. ఒకటి అయ్యేలోపు ఇంకోటి. సాయంత్రం వాట్సాప్ గ్రూప్‌లో మండలాల వారీగా శాతాల పట్టిక వస్తుంది, కింద ఉన్నవాళ్లు ఎరుపు రంగులో. ఇల్లు తాళం వేసి గుంటూరు మిర్చి కోతలకు పోయిన కుటుంబం దగ్గర ఓటీపీ ఎట్లా తేవాలో ఆ పట్టిక చెప్పదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టుంటుంది కథ.

ఇచ్చే వైపు ఏముంది? మొదట్లో చాలానే ఉంది. పర్మనెంట్ అవుతామన్న మాట, ఊర్లో మర్యాద. అయితే రెండేళ్లు నెలకు 15,000 రూపాయలతో ప్రొబేషన్ అన్నారు, 2021 అక్టోబర్‌కి అది అయిపోవాలి. కాలేదు. 2022 జనవరిలో రాష్ట్రమంతా ఉద్యోగులు నిరసనకు దిగారు. జూన్‌లోపు పూర్తిచేస్తామన్నారు, తర్వాత కొత్త జీతాలొచ్చాయి. బయటినుంచి చూస్తే ఎనిమిది, తొమ్మిది నెలలే కదా అనిపిస్తుంది. కానీ ఇచ్చిన మాట టైంకి నిలబడటం అనేది కూడా పని మనకిచ్చేదే. అది ఆగినప్పుడు పోయేది డబ్బు ఒక్కటే కాదు, పెళ్లి సంబంధం దగ్గర చెప్పుకోవాల్సిన జవాబు కూడా. ఆ తర్వాత ప్రమోషన్ ఎక్కడికి అనే ప్రశ్న అట్లాగే ఉంది. 2025లో జనాభాను బట్టి సచివాలయాలను మూడు రకాలుగా చేసి సిబ్బందిని సర్దుబాటు చేయడంతో, నా సీటు ఏ ఊర్లో ఉంటుందన్న ప్రశ్న కూడా చాలామందికి తోడైంది.

ఇంతవరకు పని పరిస్థితులు. ఇప్పుడు మనిషి లోపలికి పోదాం. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 1980ల నుంచి చెప్తూ వచ్చిన విషయం ఇది. ఒంటికి నీళ్లు, తిండి ఎట్లా అవసరమో మనసుకు మూడు అట్లాగే అవసరం. ఒకటి ఆటానమీ, నేను చేసే పనిలో నా ఇష్టానికి, నా నిర్ణయానికి కొంచెం చోటుండటం. రెండు కాంపిటెన్స్, నాకిది వచ్చు, రోజురోజుకీ మెరుగవుతున్నా అనిపించడం. మూడు రిలేటెడ్‌నెస్, నా చుట్టూ నన్ను పట్టించుకునేవాళ్లు, నేను పట్టించుకునేవాళ్లు ఉండటం. జీతం వీటికి బదులు కాదు. వీటి పేరు చెప్పి జీతం ఎగ్గొట్టడం కూడా కుదరదు, దాని గురించి ఇంకాసేపట్లో చెప్తాను.

నా రెండు ప్రాజెక్టులకీ తేడా ఇక్కడ దొరికింది. మొదటిదాంట్లో ఏ పని ముందు చేయాలో మేమే తేల్చుకునేవాళ్లం. ప్రతి వారం కొత్తది నేర్చుకున్నాం. రాత్రి రెండింటికి ఎర్రర్ వస్తే పక్కనోడు కూడా మేలుకునే ఉండేవాడు. పదకొండు గంటలు మోటారు ఆడినా కింద ఊట ఉంది. రెండోదాంట్లో నాకొచ్చిన విద్య వాడే చోటు లేదు, నిర్ణయం నాది కాదు, మనుషుల పేర్లు కూడా టికెట్ నంబర్లే.

సచివాలయంలో కూడా ఇదే కనిపిస్తుంది. మా బంధువుల్లో ఒకమ్మాయి కడప జిల్లాలో వెల్ఫేర్ అసిస్టెంట్. నెల మొదటి తారీఖు గురించి అడిగితే ఆమె చెప్పిన మాట నాకు ఆశ్చర్యమేసింది. నేపథ్యం తెలుసు కదా: 2024 ఎన్నికల ముందువరకు పింఛన్లు ఇంటికి తెచ్చిచ్చింది వాలంటీర్లు, నెలకు 5,000 గౌరవ వేతనానికి. 2024 జూలై 1 నుంచి ఆ పని సచివాలయ ఉద్యోగుల మీద పడింది. ఆ నెల పింఛన్ 4,000, పాత బకాయి 3,000 కలిపి 7,000 చొప్పున పంచారు. అంటే తెల్లవారకముందే లేవడం, డబ్బు సంచి బాధ్యత, వేలిముద్ర పడని ముసలివాళ్లు, ఎండ. లెక్క ప్రకారం ఆరోజు ఆమెకు అన్నిటికన్నా కష్టమైన రోజు.

"లేదన్నా, ఒకటో తారీఖు నాకు బాగుంటాది" అంది. "తలుపు కొడితే అవ్వ నవ్వుతాది. మజ్జిగ తాగిపో అంటాది. సాయంత్రానికి ఎంతమందికి ఇచ్చినానో నాకు తెలుసు. సర్వే రోజుదే నరకం. కుర్చీలో నుంచి లేయకుండానే తలనొప్పి."

ఒకే మనిషి, ఒకే ఉద్యోగం, రెండు రోజులు. ఒకటో తారీఖు పనికి మొదలు ఉంది, చివర ఉంది, ఎదురుగా మనిషి ఉంది, ఏ వీధి నుంచి మొదలుపెట్టాలో తేల్చుకునేది ఆమే. సర్వేలో ఆ డేటా ఎక్కడికి పోతుందో, ఎవరికి పనికొస్తుందో ఆమెకు ఎవరూ చెప్పరు. 1990లో విలియం కాన్ అనే ఆయన 'ఎంగేజ్‌మెంట్' అనే మాటను పనికి వాడినప్పుడు చెప్పింది ఇదే: మనిషి తన మొత్తాన్ని పనిలోకి తెచ్చుకునే క్షణాలుంటాయి, ఒట్టి ఒంటిని మాత్రం తెచ్చే క్షణాలుంటాయి. ఒక ఉద్యోగాన్ని మొత్తంగా మంచిది, చెడ్డది అని కొట్టేయకుండా దాంట్లో ఏ పూట ఎట్లా ఉందో చూడాలి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

అయితే ఇక్కడ ఒక మోసం కూడా ఉంది, చెప్పకపోతే తప్పు. "సేవ కదమ్మా, తృప్తి ఉంటుంది కదా" అని డబ్బు ఆపేయడం. అంగన్‌వాడీల కథ వినండి. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకం వాళ్ల భుజాల మీదే నడుస్తోంది. చిన్నపిల్లలు, గర్భిణులు, బాలింతలు, ఇంటింటికీ సరుకు, బరువు, ఎత్తు, ఆటపాట. 2021లో కేంద్రం పోషణ్ ట్రాకర్ యాప్ తెచ్చింది, రాష్ట్రం యాప్ దానికి అదనం. మన రాష్ట్రంలో వర్కర్‌కి ఇచ్చేది 11,500, హెల్పర్‌కి 7,000. దాని పేరు గౌరవ వేతనం. రెండు మాటల్లో ఏది తక్కువుందో మీరే చూసుకోండి. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో, 2024 జనవరిలో, వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. ఒక లాజిక్ చూడండి: జీతం అడిగితే "మీరు ఉద్యోగులు కాదు, గౌరవ కార్యకర్తలు", పని ఆపితే "మీది అత్యవసర సేవ". 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. పిల్లల మీద ప్రేమ లేక ఎవరూ ఆ టెంట్ల కింద కూర్చోలేదు. ప్రేమ ఉన్నవాళ్లకే అన్యాయం ఎక్కువ మండుతుంది.

"ఇదంతా మనసు సంగతి, టీ తాగి మర్చిపో" అనేవాళ్లకు ఒక మాట. బ్రిటన్‌లో 1985లో పదివేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులను తీసుకుని వైట్‌హాల్ అనే పరిశోధన మొదలుపెట్టారు, మైకేల్ మార్మాట్ నాయకత్వంలో. తమ పని మీద తమకు పట్టు తక్కువని చెప్పినవాళ్లలో గుండెజబ్బు ఎక్కువగా వచ్చింది. పెద్ద సీట్లో ఉన్నవాళ్ల టెన్షన్ గురించి అందరూ మాట్లాడతారు. ఆ పరిశోధనలో మాత్రం కింది మెట్లలోని క్లర్కులకే ముప్పు ఎక్కువ కనిపించింది. సర్వర్ పనిచేయక, జవాబు చెప్పలేక నిలబడే మనిషి గుండె మీద అది ఊరికే పోయే బరువు కాదు.

మరి ఏం చేయాలి? టీంని నడిపేవాళ్లు, మండలంలో ఆఫీసర్లు ఎవరైనా వింటుంటే, ఖర్చులేని పనులు మూడున్నాయి. సర్వే పంపేటప్పుడు అది ఎందుకో రెండు లైన్లు రాయండి. ఆ వారం రెండు పనులుంటే ఏది ముందో ఒక్కరే చెప్పండి. ఎరుపు రంగు పట్టిక గ్రూపులో పెట్టేబదులు వెనకబడినవాళ్లకు ఫోన్ చేసి ఏం అడ్డమొచ్చిందో అడగండి. శుక్రవారం యోగా సెషన్ పెట్టి శనివారం అదే గ్రూపులో అదే పట్టిక పెడితే, మోటారుకి రంగేసినట్టే ఉంటుంది, బోరులో నీళ్లు రావు.

ఉద్యోగి వైపునుంచి అయితే, ఒక వారం పాటు రోజూ రాత్రి రెండు లైన్లు రాసుకోండి: ఈరోజు ఏ గంటలో ప్రాణం లేచొచ్చింది, ఏ గంటలో పోయింది. ఆ రెండో లిస్టు చూస్తే మూడింట్లో ఏది కరువైందో తెలుస్తుంది. నిర్ణయంలో చోటు లేకపోతే అడగాల్సింది ఒకటి, నేర్చుకోవడం ఆగిపోతే అడగాల్సింది ఇంకోటి. "సార్, స్ట్రెస్‌గా ఉంది" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "సార్, ఈ టికెట్లలో చిన్నవి అప్రూవల్ లేకుండా నేనే క్లోజ్ చేస్తా" అంటే అవును, కాదు అని జవాబొస్తుంది. ఒక్కరే అడిగితే పనికానివి ఉంటాయి. ప్రొబేషన్, గ్రాట్యుటీ లాంటివి కలిసి అడిగితేనే కదిలాయి, పైన చూశాం కదా. ఇక ఫోన్. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి డ్యూటీ తర్వాత ఆఫీసు మెసేజ్‌లకు దూరంగా ఉండే హక్కు చట్టంలో ఉంది. మనకు అది లేదు, కానీ రాత్రి తొమ్మిది తర్వాత గ్రూప్ మ్యూట్ చేసే బటన్ అందరి ఫోన్‌లోనూ ఉంది. అర్జెంటైతే ఫోన్ చేస్తారు.

కొత్తగా చేరబోయేవాళ్లు ఇంటర్వ్యూలో ప్యాకేజీ అడిగాక ఇంకో రెండు అడగండి: "నా పనిని ఎవరు చెప్తారు, ఒక్కరా ఇద్దరా?", "నా ముందు ఈ సీట్లో ఉన్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" రెండో ప్రశ్నకు అవతలివాళ్లు నీళ్లు నమిలితే మీకు సగం జవాబు దొరికినట్టే.

చివరగా ఒకటి. సెలవు పెట్టినా, పని మారినా, ఇంట్లో, స్నేహితుల దగ్గర కూడా ఏదీ బాగనిపించకపోతే, నిద్ర, ఆకలి పోతే, బతకడమే వద్దనిపిస్తే, అది బర్నౌట్ దాటిపోయింది, డిప్రెషన్ కావచ్చు. దాన్ని వీడియోలు చూసి తేల్చుకోవద్దు, నా వీడియో కూడా. టెలీమానస్ అని కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416. ఏ టైంలోనైనా ఫ్రీగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో ఫ్రెషర్ల ఆఫర్ లెటర్లలో పెట్టే బాండ్ గురించి మాట్లాడుకుందాం. మీ ఆఫర్ లెటర్ ఉంటే తీసి పక్కన పెట్టుకోండి, లైన్ లైన్ చదువుదాం.